ఏ ఊరు, ఎవరింటోళ్ళు?

పోయిన నెల అర్ధవీడు పక్కన ఒక ఊళ్ళో ఆదరణ కూడికకు వెళ్ళాను. చర్చి ముందు షామియానా వేసి కుర్చీలు వరసగా పెట్టారు. పాస్టరుగారు ఒక కాగితం చేత్తో పట్టుకుని పోయినామె జీవితం చదివారు. ఫలానా ఊళ్ళో పుట్టింది, ఫలానావారింటికి కోడలై వచ్చింది, ఇద్దరు బిడ్డల తల్లి, ప్రార్థనాపరురాలు, నెమ్మదస్తురాలు, అందరితో సఖ్యంగా మెలిగింది.

నెమ్మదస్తురాలు అన్న మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. పొరపాటున వేరే కూడికకు వచ్చానా అని బల్ల మీద పెట్టిన ఫొటో వైపు చూశాను. ఆమే. ఫొటోలో కూడా, ఎదుటివాడి మాట అయ్యేదాకా ఓపిక పట్టి, అయిపోగానే ఒక ప్రశ్న వెయ్యడానికి సిద్ధంగా ఉన్న ముఖమే. ఆ కాగితం ఆమె చేతికిస్తే ఎర్ర పెన్ను తీసేది. ఆ నాలుగు ముక్కలకూ సరిపోయే ఆడవాళ్ళు ఆ మండలంలో ఎంతమంది ఉంటారో, ఇందులో ఈ మనిషి ఎవరో ఎట్లా తెలియాలని పాస్టరుగారినే నిలదీసేది.

ఆమె మార్కాపురం బస్టాండుకు దగ్గరలోని ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఆ ల్యాబులో ఏది మొరాయించినా నాకే ఫోను వచ్చేది. "తమ్ముడూ, అలకాయన మళ్ళీ అలిగినాడు, రా" అంటే ప్రింటరు ఆగిపోయిందని అర్థం. రక్తాన్ని పరీక్షించే పెద్ద మిషన్ని "పెద్దాయన" అనేది. పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి, ముందుగా పెద్దాయన నెత్తిమీద అరచెయ్యి ఆనించి చూసేది. జ్వరం చూస్తున్నావా అక్కా అని నేను ఆటపట్టిస్తే, "నవ్వు నాయనా నవ్వు. వేడి ఎక్కువైన రోజున షుగరు అంకెలు పిచ్చిగా వస్తయ్. అప్పుడు జనాలు నన్ను జూసి నవ్వుతారు" అనేది.

ల్యాబుకు వచ్చినవాళ్ళను ఆమె మొదట పేరు అడిగేది కాదు. "ఏ ఊరు? ఎవరింటోళ్ళు?" ఇవి రెండూ తేలాకే పేరు. ఒకసారి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఉద్యోగస్థుడొకాయనకు కోపమొచ్చింది. రక్తం ఇవ్వడానికి వస్తే ఊరూ ఇల్లూ ఎందుకమ్మా, పేరు రాసుకో చాలు అన్నాడు. ఆమె చేతికి కట్టే టూర్నికెట్ రబ్బరు పట్టుకునే నిదానంగా చెప్పింది.

"పేరు శానామందికి ఉంటాది నాయనా. నీ రక్తం నీకొక్కడికే ఉంటాది. రెండూ కలగలిసిపోతే నాకేం కాదు, నీకే కష్టం."

ఆయన ఊరు చెప్పాడు, వాళ్ళ నాయన పేరు కూడా చెప్పాడు.

ఆ ల్యాబులో ఉన్నది చాలా పాత కంప్యూటరు, అంతకంటే పాత ఆపరేటింగ్ సిస్టమ్. ఒకరోజు ల్యాబు యజమాని అయిన డాక్టరుగారు నన్ను పిలిచారు. పాత సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావట, పరీక్షల మిషన్ తాలూకువాళ్ళు కూడా కొత్త సిస్టమ్ ఉంటేనే సాఫ్ట్‌వేర్ ఇస్తామన్నారట. కొత్త కంప్యూటరు పెట్టి, పాత రికార్డులన్నీ అందులోకి ఎక్కించి, శుక్రవారం సాయంత్రానికి అప్పజెప్పమన్నారు. ఏ పరికరం, ఏ యాప్ కొత్త సిస్టమ్‌లో నడుస్తాయో ముందే చూసుకోవాలని నాకూ తెలుసు. దానికోసం ఒక ప్రోగ్రాం ఉంటుంది. నడిపితే అదే అన్నీ వెతికి, నడిచేవాటి పక్కన ఆకుపచ్చ టిక్కు పెడుతుంది. నడిపాను. అన్నిటికీ ఆకుపచ్చే. గర్వంగా స్క్రీను ఆమె వైపు తిప్పాను.

"ఎవురు పెట్టినారు ఈ టిక్కులు?" అంది.

"కంప్యూటరే పెట్టిందక్కా."

"పరీక్ష దానిదే, మార్కులూ అదే ఏసుకుంటాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బల్ల సొరుగులోంచి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన లాంగ్‌బుక్కు తీసింది. రెండు పేజీల నిండా రాసి పెట్టుకుంది. ఎడమవైపు పరికరం పేరు, కుడివైపు అది రోజూ చేసే పని. నా జాబితాలో "ప్రింటర్" అని ఒక్క మాట ఉంటే, ఆమె పుస్తకంలో "అలకాయన: రెండు పేజీల రిపోర్టు, సారు సంతకం నల్లగా మరకలాగా పడకూడదు, పేజీలు ఉల్టా రాకూడదు" అని ఉంది. లేబుళ్ళ మిషన్‌కు ఎదురుగా "ట్యూబుకు అతికించి, ఫ్రిజ్జులో పెట్టి తీసినాక కూడా చదవాల" అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. మూడు రోజుల పని వారం రోజులకు లాగేట్టుందని లోలోపల తిట్టుకున్నాను.

ఆమె కొత్త కంప్యూటరు నుంచి ఒక బార్‌కోడ్ లేబుల్ తీసి ట్యూబుకు అతికించింది. రీడరు ముందు పెడితే కిక్కురుమనలేదు. కొత్త సిస్టమ్‌లో లేబుల్ ఒక పక్కకు జరిగి, చివరి గీతలు తెగిపోతున్నాయి. ఆకుపచ్చ టిక్కు మాత్రం అట్లాగే ఉంది. అది సరిచేశాక పెద్దాయన వంతు వచ్చింది. పాత కేబుల్ పెట్టే చోటు కొత్త కంప్యూటరుకు లేకపోతే మధ్యలో ఒక కన్వర్టర్ తగిలించాను. మిషన్ పేరు స్క్రీను మీద వచ్చింది.

"చూడక్కా, కనపడింది."

"కనపడితే సరిపోదు నాయనా, పని జెయ్యాల. మా ఇంటాయన గూడా పొద్దస్తమానం ఇంట్లో కనపడతాడు."

పక్కన సూదులు సర్దుతున్న నర్సు కిసుక్కున నవ్వింది. ఆమె తన చేతికే సూది గుచ్చుకుంటానని బయల్దేరితే వద్దని, నా రక్తమే ఇచ్చాను. మిషన్ పరీక్ష చేసింది. అంకెలు కంప్యూటరులోకి రాలేదు. ఆ కన్వర్టర్ పనికిరాదని తేలి, ఒంగోలు నుంచి ఇంకొకటి తెప్పించేసరికి గురువారం అయింది.

శుక్రవారానికి ఆమె పుస్తకంలోని రెండు పేజీలూ టిక్కులతో నిండాయి. ఈసారి టిక్కులు ఆమె పెట్టినవి, ఎర్ర సిరాతో. నేను నా అప్పగింత కాగితం తీశాను. "అన్నీ సరిగా పనిచేస్తున్నవి" అని టైపు చేసి ఉంటుంది, కింద సంతకం పెట్టించుకుంటే నా పని ముగిసినట్టు. ఆమె పెన్ను ముట్టలేదు.

"రేపు శనివారం. రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టు. దాంట్లో నేను జేస్తా, దీంట్లో నువ్వు జెయ్యి. సాయంత్రం సంతకం పెడతా."

"అన్నీ చూశాం కదక్కా, ఇంకేం మిగిలింది?"

"మనుషులు మిగిలినారు గదా."

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. పని ఎప్పుడో అయిపోయింది సార్, ఆమెకే కొత్తది చేతకాదని భయమున్నట్టుంది, అందుకే సాగదీస్తోంది అన్నాను. నిజానికి ఆమె మౌసు ముట్టకుండా, టాబ్ మీట నొక్కుకుంటూ నాకంటే వేగంగా పనిచేసేది. ఆ సంగతి నాకు తెలిసీ అన్నాను. డాక్టరుగారు మంచివాడే గానీ తొందర మనిషి. నన్ను వెంటబెట్టుకునే బయటికొచ్చారు.

"ఏమ్మా, నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు. ముందు గదిలో టోకెన్లు ఇచ్చే దగ్గర కూర్చుందువు గానీ. కంప్యూటరుకు వేరే అమ్మాయిని పెట్టుకుందాం."

ఆమె నావైపు చూడనైనా చూడలేదు. లాంగ్‌బుక్కు మూసి, దానిమీద రెండు చేతులూ పెట్టుకుంది.

"రేపు సాయంత్రం దాకా ఆగండి సార్. తర్వాత మీరు యాడ కూర్చోమంటే ఆడ కూర్చుంటా."

ఎందుకు శనివారం అని ఆమె పట్టుబట్టిందో తెలియాలంటే ఒక మాట చెప్పాలి. శనివారం శనివారం ఒంగోలు నుంచి కిడ్నీ డాక్టరొకాయన వచ్చి పక్క నర్సింగ్‌హోములో చూసేవాడు. చంద్రశేఖరపురం వైపు నుంచి, దోర్నాల నుంచి, అర్ధవీడు నుంచి తొలి బస్సులకే జనం దిగేవాళ్ళు. రక్తంలో క్రియాటినిన్ అంకె పెరిగితే కిడ్నీల పని తగ్గిపోతోందని లెక్క. ఆయన ఈరోజు అంకె ఒక్కటే చూసి మందు రాయడు. పోయినసారి ఎంత, అంతకుముందు ఎంత అని పాత అంకెలు పక్కన పెట్టుకుని చూస్తాడు. ఆ పాత అంకెలు ఉన్నది ఈ ల్యాబులోనే.

శనివారం పొద్దున పాత కంప్యూటరు ముందు ఆమె, కొత్తదాని ముందు నేను. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. తొలి గంటలో ఇరవైమంది దాకా అయిపోయారు. రెండు కాగితాలూ ఒకేలా వస్తున్నాయి. నాకు ధీమా వచ్చేసింది. అప్పుడొక ముసలామె వచ్చింది. గురవమ్మ. వయసు అడిగితే అరవై అంది. ఆ ప్రాంతంలో ముసలివాళ్ళందరికీ అరవయ్యే.

గురవమ్మ అని కొట్టాను. తొమ్మిదిమంది వచ్చారు. వయసు చూశాను, చాలామందికి అరవయ్యే. ఫోను నంబరు చూశాను. సంచి వెతికి ఆమె చీటీ ఇచ్చింది, ఆ నంబరు ఇద్దరికి ఉంది. తర్వాత తెలిసింది, అది వాళ్ళవైపు తిరిగే ఆరెంపీ డాక్టరుదట. ఫోను లేనివాళ్ళందరూ ఆయన నంబరే ఇస్తారు. ఆ ఇద్దరిలో పైన ఉన్నదాన్ని నొక్కి ప్రింటు ఇచ్చాను.

అక్క తన కాగితం తీసి, నాది తీసి, రెండూ పక్కపక్కన పెట్టింది. ఈరోజు అంకె రెండిట్లోనూ ఒకటే, నాలుగు పాయింట్ తొమ్మిది. పోయినసారి అంకె ఆమె కాగితంలో నాలుగు పాయింట్ ఏడు. నా కాగితంలో ఒకటి పాయింట్ రెండు.

"ఈ తల్లి ఏ గురవమ్మ?" అంది మెల్లగా.

నా కాగితం పట్టుకుని వెళ్ళి ఉంటే, రెండు నెలల్లో కిడ్నీలు కుప్పకూలాయనుకుని ఆ డాక్టరు ముసలామెను అప్పటికప్పుడు గుంటూరు పంపేవాడు. ఇంకో గురవమ్మ వచ్చినప్పుడు అంతకంటే ఘోరం. ఆమె అంకె ఒకటి నుంచి నాలుగుకు పెరిగినా, పక్కన ఈమె పాత నాలుగు పాయింట్ ఏడు చూసి, ఏం మారలేదులే పొమ్మనేవాడు.

"ఊరేది? దీంట్లో ఊరు యాడుంది?" అని ఆమె నా స్క్రీను మీదికి వంగింది. ఊరు లేదు. పాత స్క్రీను వైపు తిరిగింది. అక్కడ ఉంది. ఫోను నంబరు కింద "ఊరు" అనే గడి, దానికెదురుగా ఇంగ్లీషు అక్షరాల్లో "దోర్నాల, గొర్రెల చెన్నయ్య భార్య". అట్లా ప్రతి మనిషికీ ఉంది. పాస్టరుగారి అమ్మ, టీ కొట్టాయన అత్త, బడి ఎనకింటామె. మరి నా కొత్తదాంట్లోకి అదొక్కటే ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. స్క్రీనుకు దగ్గరగా వెళ్ళి చూస్తే "ఊరు" అన్నది కంప్యూటరు రాసింది కాదు. చిన్న తెల్ల కాగితం ముక్క, పెన్నుతో రాసి గాజు మీద గమ్‌టేపుతో అతికించింది. ఆమె గోటితో ఆ ముక్కను లేపింది. దాని కింద ఇంగ్లీషులో "ఫ్యాక్స్" అని ఉంది.

ఎక్కడో పెద్ద నగరంలో తయారైన సాఫ్ట్‌వేర్ అది. ఊరు రాసుకునే చోటు లేదు గానీ ఫ్యాక్స్ నంబరుకు చోటుంది. మార్కాపురంలో రక్తం ఇచ్చుకోవడానికి వచ్చేవాళ్ళకు ఫ్యాక్స్ ఎక్కడిది? చేరిన కొత్తలోనే ఆమె ఆ ఖాళీ గడిని ఊరుకు ఇచ్చేసింది. ఆ తెర ఎప్పుడూ నిండుగానే తెరుచుకుంటుంది కాబట్టి కాగితం ముక్క సరిగ్గా ఆ మాట మీదే ఉండేది. ఫ్యాక్స్ ఎవరూ వాడరని కొత్త యాప్‌లో ఆ గడి తీసేశారు. నేనేమో పరీక్షించేటప్పుడు నా పేరే కొట్టి చూసుకున్నాను. ఆ ల్యాబులో నా పేరుతో నేనొక్కణ్ణే.

ఆమె కుర్చీలో కూలబడింది. "నేనే పెట్టుకున్నానయ్యా ఇది. పెట్టుకున్న సంగతే మర్చిపోయినా. నా పుస్తకంలో గూడా రాయలేదు చూడు."

ఇంతలో డాక్టరుగారు వచ్చి ఏమైందన్నారు. నేను నోరు తెరిచేలోగా ఆమే లేచి నిలబడింది.

"తప్పు నాదే సార్. ఈ గడి సంగతి పిల్లోడికి నేను జెప్పలేదు. ఆయప్ప పని ఆయప్ప సరిగ్గానే జేసినాడు."

ముందురోజు నేను ఆమె గురించి ఏం చెప్పానో ఆమెకు తెలుసు. ఆమె ఎదురుగానే కదా డాక్టరుగారు ఆ మాటలన్నది. తలెత్తి చూడలేకపోయాను. డాక్టరుగారు రెండు కాగితాలూ చాలాసేపు చూసి, "రెండూ నడవనీ. ఆమె చాలు అన్నప్పుడే పాతది తియ్యి" అని లోపలికెళ్ళిపోయారు. టోకెన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి రెండు రోజులూ కూర్చుని ఆ ఫ్యాక్స్ గడిని కొత్త యాప్‌లోకి ఊరుగా మార్చి ఎక్కించాను. యాప్ చేసినవాళ్ళకు ఫోనులో ఇది అర్థమయ్యేలా చెప్పడానికే ఒక పూట పట్టింది. మంగళవారం మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, ఆఖరి పరీక్ష పెట్టింది. ఆమె తన లాంగ్‌బుక్కులోంచి ఒక్కో రిజిస్టరు నంబరు చెప్తుంది, నేను కొత్తదాంట్లో తెరిచి పైకి చదవాలి, ఆమె పాతదాంట్లో చూసి టిక్కు పెడుతుంది. ముప్పై నలభై అయ్యాయి. తొమ్మిదిమంది గురవమ్మలూ ఎవరి ఊళ్ళో వాళ్ళు కుదురుకున్నారు. నేను హుషారుగా ఉన్నాను.

"ఇంకొక్కటి" అని ఒక నంబరు చెప్పింది. ఈసారి పుస్తకం చూడలేదు.

తెరిచాను. మామూలు పేరు. ఆ పేరుతో మా జాబితాలో పదకొండుమంది ఉన్నారు. పాత తారీఖు నుంచి మొదలుపెట్టి పాఠం అప్పజెప్పినట్టు చదివాను. "క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు. రెండు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ తొమ్మిది. పోయిన నెల, మూడు పాయింట్ ఎనిమిది. అన్నీ వచ్చినాయక్కా, ఒక్కటి కూడా పోలేదు!"

"ఊరు జదువు."

"అర్ధవీడు. ల్యాబు మనిషి."

చదివేశాక అర్థమైంది. అందరికీ భర్త పేరో అత్త పేరో రాసే మనిషి, తనకు మాత్రం అట్లా రాసుకుంది. నేను స్క్రీను మీద నుంచి కళ్ళు తిప్పలేకపోయాను. తిప్పితే ఆమెను చూడాలి.

"సార్‌కు తెలుసా అక్కా?"

"శనివారం డాక్టరుకు తెలుసు. మందులు మింగుతానే ఉన్నా. మన సారు ఆ రిపోర్టుల మీద సంతకం పెడతానే ఉన్నాడు. నా పేరోళ్ళు పదకొండుమంది గదా, వాళ్ళల్లో ఎవురో అనుకుంటాడు."

"చెప్పొచ్చు కదక్కా."

"చెప్తే యాడ కూర్చోబెడతాడో నీకు తెలుసు గదా నాయనా."

ఆ మాట నన్ను దెప్పడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. నేను ఆమెకు క్షమాపణ చెప్పాలి, ఆ క్షణంలోనే చెప్పాలి. కీబోర్డును బల్ల అంచుకు తిన్నగా జరుపుతూ ఉండిపోయాను. ఆమె మాత్రం ఎర్ర పెన్ను పక్కనపెట్టి, నల్ల పెన్ను తీసుకుని, నా అప్పగింత కాగితం తన ముందుకు లాక్కుంది.

"అంకెలన్నీ సరిగ్గా వచ్చినయ్యా లేదా? అది జెప్పు."

"వచ్చినాయక్కా."

"అయితే నీ పని అయిపోయింది. సంతకం యాడ పెట్టాల?"

వేలితో చూపించాను. "అన్నీ సరిగా పనిచేస్తున్నవి" అన్న వాక్యాన్ని ఒకసారి చదువుకుని, దాని కింద గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం పెట్టింది.

నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ఆ కంప్యూటరు ముందే కూర్చుంది.